నెబాహత్‌కి రాని తలనొప్పి

ముజయ్యెన్‌కి పేలిపోయే వస్తువులంటే భయం. పుట్టింట్లో స్నానాల గది మూలన కట్టెలతో కాచే రాగి బాయిలర్ ఒకటుండేది. వాళ్ళ నాన్న దాన్ని రాజేస్తే, అలిగిన మేనత్తలా అది లోలోపలే గుర్రుగుర్రుమనేది. ఒకరోజు ఆ గుర్రు కాస్త పెద్దదయ్యేసరికి, తలనిండా సబ్బు నురగతో ఆ పిల్ల వీధిలోకి పరుగు తీసింది. బుర్సా ఊళ్ళో ఆ వీధివాళ్ళు ఆ పరుగు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. యాభై దాటిన మనిషన్న మర్యాదైనా చూడరు.

పెద్దయ్యాక తువ్వాళ్ళ మిల్లులో చేరింది. ఎక్కడ కూర్చుంటావని మేస్త్రీ అడిగితే, ఆవిరి యంత్రాలకి ఎంత దూరమైతే అంత దూరం అని చెప్పి, కుట్టుపని దగ్గర చివరి బల్ల తీసుకుంది. రిటైరయ్యేదాకా ఆ బల్ల వదల్లేదు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ దించాల్సి వస్తే పెద్ద పళ్ళెం ఒకటి మొహానికి అడ్డం పెట్టుకునేది. మొగుడు రుఫ్కీ నవ్వేవాడు. నవ్వి, తను మాత్రం పక్కగదిలోకి పోయేవాడు.

అలాంటి మనిషి వంటింటి గోడకి గ్యాసు బాయిలర్ బిగించారు. గదులన్నీ వెచ్చబెట్టేది అదే, నీళ్ళు కాచేదీ అదే. పాతకాలపు రకం. మంటకి కావలసిన గాలి వంటింట్లోంచే పీల్చుకుని, పొగని గొట్టం ద్వారా ఇంటి చిమ్నీలోకి వదులుతుంది. బిగించిన మొదటి చలికాలమంతా ముజయ్యెన్ దాని ముందునుంచి ఒంగి నడిచింది.

భయమున్నవాళ్ళు జాగ్రత్తగా ఉంటారు. ఆ సంగతి ఒప్పుకోవాలి. పొద్దున్నే లేవగానే మొహమైనా కడుక్కోకుండా బాయిలర్ ప్రెషర్ చూపే ముల్లు చూసేది. ఒకటికీ రెండుకీ మధ్యన ఉంటే దేవుడికి దణ్ణం. ఒకటికి కిందకి జారితే, అడుగున నీళ్ళు నింపే చిన్న కుళాయి తిప్పి, మొహం అటు తిప్పుకుని, బుస్సుమన్నంతసేపూ ప్రార్థన చదివి, మళ్ళీ గట్టిగా కట్టేసేది. ఒకసారి ఆ కుళాయి సరిగా కట్టడం మర్చిపోతే ముల్లు మూడు దాటింది. కింది గొట్టంలోంచి రోజంతా నీళ్ళు కారాయి. ఆ రోజంతా ముజయ్యెన్ పక్కింట్లోనే కూర్చుంది. ప్రెషర్ విషయంలో, చప్పుడు విషయంలో, కారే నీటి విషయంలో ఆమెని ఎవరూ వేలెత్తి చూపలేరు.

వేలెత్తి చూపాల్సింది లేసు విషయంలో.

ముజయ్యెన్ చేతిలో క్రోషియా సూది ఆగదు. టీవీ మీద లేసు, ఫ్రిజ్ మీద లేసు, రిమోట్‌కి సైతం లేసు సంచి. రోజూ ఎదురుగా నిలబడి భయపెట్టే వస్తువుని ఉత్తమొహంతో ఎలా వదిలేస్తుంది? తులిప్ పూల అంచుతో బాయిలర్‌కి నిలువెత్తు ముసుగు అల్లింది. నెత్తిమీది పొగగొట్టం చుట్టూ కుచ్చిళ్ళు, కింద గొట్టాలు కనబడకుండా అంచు. తొడిగాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. పెళ్ళికూతురిలా ఉంది. అప్పటినుంచి దాని ముందు నిటారుగా నడవగలిగింది.

ఇక గోడకున్న బిలం సంగతి. బాయిలర్‌కి గాలి కోసం వంటింటి బయటిగోడకి జల్లెడమూతతో సాసరంత బిలం పెట్టారు. ఆ బిలమంటే అత్తగారు నాజిమెకి పగ. నాజిమెకి తొంభై ఏళ్ళు దగ్గర పడ్డాయి. ఆవిడ లెక్కలో మనుషుల్ని చంపేవి క్షయా కాదు, గుండెపోటూ కాదు. కిటికీ సందులోంచి, తలుపు సందులోంచి వచ్చి వీపుకి తగిలే గాలి. వాళ్ళ అక్క పోయింది దానివల్లే. వాళ్ళ ఆయన పోయిందీ దానివల్లే, లారీ గుద్దింది ఆ తర్వాత. ఆవిడ గది వంటింటికి ఆనుకునే ఉంటుంది. వంటింటి వెచ్చదనం రావాలని ఆ తలుపు ఎప్పుడూ బార్లా తీసి ఉంచుతారు.

"కోడలు పిల్లా, ఆ బిలంలోంచి నా వీపు మీదకి కత్తి దిగుతోంది."

"మూస్తానత్తమ్మా."

రుఫ్కీ పాత ఉన్ని బనీను ఒకటి చుట్టచుట్టి బిలంలో కుక్కింది.

ఏటా శరదృతువులో బాయిలర్ చూడటానికి మెకానిక్ ఇల్యాస్ ఉస్తా వచ్చేవాడు. ఆయన గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే ముజయ్యెన్ వంటింట్లోకి ఉరికి లేసు ఊడదీసి దిండు కింద దాచేది, బనీను పీకి ఒళ్ళో పెట్టుకునేది. బడిపిల్ల కాపీచీటీ దాచినట్టు.

"దీనికి ఊపిరాడాలమ్మా. ఆ బిలం మూయకండి. దీన్నిండా గుడ్డలూ గట్రా కప్పకండి. ఏటా చిమ్నీ దులిపించండి," అనేవాడాయన, లోపల బ్రష్షు తిప్పుతూ.

"అయ్యో, ఎవరు మూస్తారు బాబూ! మేమేమన్నా చదువు లేనివాళ్ళమా?"

ఆయన మెట్లు దిగేలోపు పెళ్ళికూతురు ముసుగు వేసేసుకునేది, బనీను బిలంలోకి చేరేది.

ఈ ఏడు ఆయన్ని పిలవనేలేదు. శరత్తులో అత్తగారికి దగ్గు. తర్వాత వంతు రోజు దగ్గరపడింది. నెలకో ఇంట్లో చేరే స్నేహితురాళ్ళ వంతు ఈసారి ముజయ్యెన్‌ది. తోమి తుడిచిన వంటింట్లో మసి రాలుస్తాడెందుకు, వంతు అయిపోయాక పిలుద్దాం అనుకుంది.

ఆలోగా బాయిలర్ తనకి చేతనైన భాషలో చెప్పుకుంటూనే ఉంది. లోపల నీలంగా ఉండే మంట పసుపురంగుకి తిరిగింది. కొవ్వొత్తిలా ఇదే బావుందనుకుంది ముజయ్యెన్. లేసు పైకుచ్చిళ్ళు గోధుమరంగుకి వచ్చాయి. వేపుళ్ళ పొగ అనుకుని ఉతికి ఆరేసింది. మళ్ళీ రంగు మారితే మళ్ళీ ఉతికింది. వంటింటి అద్దాలు పొద్దస్తమానం చెమట పట్టేవి. టీ ఆవిరి అనుకుంది. పొద్దున లేస్తే తలకి ఇనుప పట్టీ బిగించినట్టుండేది. సంచీ పట్టుకుని బజారుకి వెళ్తే ఆ పట్టీ దానంతటదే వదులయ్యేది. ఇల్లు దాటితే తలనొప్పి పోతోందంటే కారణం అత్తగారే అని తేల్చుకుంది. అన్నేళ్ళు కాపురం చేసిన ఏ కోడలైనా అంతే అనుకుంటుంది.

వంతు రోజున లోదోస్ లేచింది.

దక్షిణాన ఉలుదాగ్ కొండ మీదుగా దిగే వేడిగాలి అది. అది వీచిన రోజున బుర్సాలో ఏం జరిగినా నేరం దానిదే. పిల్లాడు చదవకపోయినా లోదోస్, పెరుగు తోడుకోకపోయినా లోదోస్. తలనొప్పి అయితే చెప్పనే అక్కర్లేదు. గాలి తిరిగిందని తెలియగానే ఊరు ఊరంతా కణతలు నొక్కుకోవడం మొదలుపెడుతుంది.

కిటికీలు గడగడలాడుతుంటే ముజయ్యెన్ అన్నీ బిగించింది. తలుపు అడుగున గుడ్డ చుట్ట పెట్టింది. మధ్యాహ్నానికి పాలకూర, జున్ను కూరిన పొరల రొట్టె బోరెక్‌ని ఓవెన్‌లోంచి తీసి, వాసన హాల్లోకి రాకూడదని పొయ్యి మీది పొగ లాగే ఫ్యాను వేసి, వంటింటి తలుపు ఓరగా వేసింది. నాజిమె భోంచేసి నడుం వాల్చింది.

"వాళ్ళొచ్చాక లేపు. పోయినసారి ఆ గులిజార్ కట్టుకొచ్చిన జాకెట్టు సంగతి తేల్చాలి," అంది కళ్ళు మూసుకుంటూ.

స్నేహితురాళ్ళు వచ్చారు. బూట్లు గుమ్మంలో విప్పి, సంచుల్లోంచి తెచ్చుకున్న ఇంటి చెప్పులు తొడుక్కుని, హాల్లో సర్దుకున్నారు. వాళ్ళలో గులిజార్ అనే ఆవిడ నోటికి జడిసి ఎవరూ ముందు వెళ్ళిపోరు. వెళ్ళినవాళ్ళ గురించే మాట్లాడుతుంది గనక. నెబాహత్ అనే ఆవిడ మిల్లులో ముజయ్యెన్ పక్కబల్ల. సిగరెట్ లేకపోతే ఊపిరాడదు. పావుగంటకోసారి బాల్కనీలోకి పోయి తలుపేసుకుంటుంది.

"ఆ గాలిలోకి పోతావేంటే? తల పగిలిపోతుంది!" అంది గులిజార్.

"పగిలితే నీకే మంచిది, లోపలేముందో చూడొచ్చు," అంటూ పోయింది నెబాహత్.

రెండో విడత టీ అయ్యేసరికి మాటలు తగ్గాయి. ఒకావిడ నుదురు రుద్దుకుంది. ఇంకొకావిడ కళ్ళు మూసుకుని సోఫాకి చేరబడింది.

"లోదోస్," అంది ఒకరు.

"లోదోసే," అన్నారు మిగతావాళ్ళు.

ముజయ్యెన్ తలలో పట్టీ బిగుస్తోంది. టీ పోయబోయి చక్కెర గిన్నెలో పోసింది. ఎవరూ గమనించలేదు. అదే ఆమెని ముందు భయపెట్టింది. గులిజార్ ఉన్న గదిలో ఎవరూ గమనించకపోవడమా? తలెత్తి చూస్తే గులిజార్ కాఫీ కప్పు బోర్లించి, మడ్డిలో ఎవరి జాతకమో చూస్తోంది.

"నీకు చేప కనిపిస్తోంది. అదృష్టమే. రెండు చేపలు." కప్పుని దగ్గరికి తెచ్చుకుంది. "కాదు, నాలుగు. కప్పులు కూడా రెండున్నాయి." నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని స్నానాల గదివైపు తూలింది.

ముజయ్యెన్ పళ్ళెం వైపు చూసింది. బోరెక్! పాలకూర సరిగా కడగలేదా? జున్ను పాడైందా? వంతు రోజున ఇంటికి పిలిచి ఊరందరికీ విషం పెట్టిందన్న పేరు వస్తుంది. నురగతో పరిగెత్తిన పేరు ఉండనే ఉంది, దానికి ఇది తోడు. కాళ్ళలో సత్తువ పోతోంది. అది భయమో, జబ్బో తెలియడం లేదు. ఒకావిడ ఏదో చెబుతూ చెబుతూ మాట మర్చిపోయి అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. స్నానాల గదిలోంచి గులిజార్ వాంతి చప్పుడు.

అప్పుడు బాల్కనీ తలుపు తెరుచుకుని నెబాహత్ లోపలికి వచ్చింది. జుట్టంతా చెదిరి, బుగ్గలు ఎర్రబడి, జలుబు వదిలిన పిల్లలా ఉంది. పళ్ళెంలోంచి బోరెక్ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. అది మూడోదో నాలుగోదో.

"ఏంటే, చావింట్లో కూర్చున్నట్టున్నారు?"

"నీకు తలనొప్పి లేదూ?" అంది ముజయ్యెన్. తన గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

"నాకెందుకుంటుంది?"

ముజయ్యెన్ ఆమెవైపే చూస్తూ కూర్చుంది. బుర్ర బురదలో కూరుకున్న బండిలా కదలడం లేదు. అయినా తోసింది. బోరెక్ అందరికంటే ఎక్కువ తిన్నది నెబాహత్. కాబట్టి బోరెక్ కాదు. లోదోస్‌లో నిలబడింది నెబాహత్ ఒక్కతే. తలనొప్పి లోదోస్‌ది అయితే మొదట రావాల్సింది ఆమెకే. గాలిలో ఉన్నదానికి లేదు. గాలి తగలకుండా కూర్చున్న మా అందరికీ ఉంది. తలనొప్పి బయట లేదు. ఇక్కడే ఉంది, ఈ గోడల మధ్య, మా మధ్య కూర్చుని ఉంది.

దీనికి ఊపిరాడాలమ్మా.

ఇల్యాస్ ఉస్తా గొంతు అంత స్పష్టంగా ఎప్పుడూ వినపడలేదు ఆమెకి.

మరుక్షణం ఇంకోటి తట్టింది. అత్తగారు లేవలేదు. గులిజార్ జాకెట్టు సంగతి తేలుస్తానన్న మనిషి, ఇంత గోలలో, వంటింటికి ఆనుకున్న గదిలో, లేవలేదు.

"కిటికీలు!" అని అరిచాననుకుంది. పెదాలు మాత్రమే కదిలాయి. మళ్ళీ అరిచింది. "నెబాహత్, కిటికీలు తియ్యి! అందర్నీ బయటికి పంపు! బాయిలర్!"

నెబాహత్ సిగరెట్ పెట్టె పారేసి కిటికీల మీద పడింది. ముజయ్యెన్ గోడ పట్టుకుని వంటింటి తలుపు తోసింది. లోపల ఉక్కగా, బరువుగా ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. చిమ్నీలోకి పోవాల్సిన పొగని లోదోస్ పైనుంచి వెనక్కి తోస్తుంటే, ఈ ఫ్యాను కిందినుంచి లాక్కుంటోంది. ఆ మూల తెల్లటి ముసుగులో బాయిలర్ మెత్తగా మండుతోంది. పేలడం లేదు. గుర్రుమనడం లేదు. ముల్లు ఒకటికీ రెండుకీ మధ్యన బుద్ధిగా ఉంది. జీవితమంతా చప్పుడుకి భయపడిన మనిషి చప్పుడు లేనిదాని ముందుకి వచ్చి నిలబడింది.

ముసుగు పట్టుకుని లాగింది. తులిప్ పూల అంచు టప్పున తెగింది. లోపల పసుపు మంట నాలుకలు చాస్తోంది. మీట తిప్పింది. మంట ఆరింది. గ్యాసు కుళాయి కట్టేసింది. బిలంలోంచి బనీను లాగితే కదలదు. ఈ ఏడు ఉస్తా రాలేదు, ఒక్కసారైనా తీసింది లేదు! రెండు చేతులతో పీకేసరికి ఊడొచ్చి, తనూ దాంతోపాటు నేల మీద పడింది. లోదోస్ ఆ బిలంలోంచి మొహం మీద కొట్టింది.

పక్కగదిలో నాజిమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఊపిరి ఉంది. చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది.

"అత్తమ్మా! అత్తమ్మా, గులిజార్ వచ్చింది!"

ఆ పేరుకి కూడా కదల్లేదు. ముజయ్యెన్‌కి ఏడుపు వచ్చింది, ఏడవడానికి ఓపిక లేదు. నెబాహత్ వచ్చింది. ఇద్దరూ కలిసి ముసలావిడని దుప్పటితో సహా కిందికి దింపి, ఆ దుప్పటి కొసలు పట్టుకుని, నున్నటి నేల మీద ఈడ్చుకుపోయారు. గడప దగ్గర స్నేహితురాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. ఒకావిడ చేతిలో పళ్ళెం ఇంకా ఉంది. గులిజార్ గోడకి ఆనుకుని కాళ్ళతో వెతుక్కుంటోంది.

"నా బూట్లు... ఈ చెప్పుల్తో మెట్ల మీద నిలబడితే ఎవరన్నా చూస్తే..."

"నడవవే తల్లీ! శవానికి ఏ చెప్పులైతేనేం!" అంటూ నెబాహత్ ఆవిడ్ని మోచేత్తో తోసింది.

మెట్ల మీది కిటికీలన్నీ తెరిచారు. గాలి హోరుమంది. నాజిమెని సరిగ్గా ఆ గాలికి ఎదురుగా పడుకోబెట్టింది కోడలు. జీవితమంతా ఆవిడ ఏ గాలికి భయపడిందో ఆ గాలికే. తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నెబాహత్ ఫోనులో అంబులెన్స్ వాళ్ళకి అడ్రసు అరిచి చెబుతోంది. ముజయ్యెన్ పెదాలు కదులుతున్నాయి. వింటే అది ప్రార్థన కాదు. "నేనే మూశాను. నేనే మూశాను. మీరు మూయమన్నారు, కానీ నేనే మూశాను. లేవండి. లేచి తిట్టండి."

అంబులెన్స్ కుర్రది మెట్లెక్కుతూనే అడిగింది. "కుంపటా, బాయిలరా?"

ఏం తిన్నారని అడగలేదు. అదొక్కటే ముజయ్యెన్‌కి ఆ రోజు దక్కిన ఊరట.

"బాయిలర్," అంది. "బిలం మూసేశాం."

"ఈ గాలి లేచిన రోజున మాకు ఇదే పని," అంటూ ముసలావిడ మొహానికి ఆక్సిజన్ గొట్టం తగిలించింది ఆ పిల్ల. "అసలు మీకెలా తెలిసింది? ఈ విషవాయువుకి వాసన ఉండదు కదా."

ముజయ్యెన్ నెబాహత్‌ని చూపించింది. నెబాహత్‌కి ఆ పిల్ల ముందు సిగ్గేసి, చేతిలో మిగిలిన వెలిగించని సిగరెట్‌ని కోటు జేబులో దాచుకుంది.

ఆస్పత్రిలో వాళ్ళందరినీ ఒక వరసలో కూర్చోబెట్టి మొహాలకి ఆక్సిజన్ పెట్టారు. పండగ బట్టల్లో, మెడలో ముత్యాలతో, కాళ్ళకి ఇంటి చెప్పులతో. గులిజార్ అంతసేపు మాట్లాడకుండా ఉండటం చరిత్రలో అదే మొదటిసారి. చాలాసేపటికి మాస్కు కాస్త ఎత్తి, "బోరెక్‌లో ఉప్పు తక్కువైంది గానీ, బావుంది," అంది. ముజయ్యెన్‌కి ఆ మాట దీవెనలా వినపడింది. కానీ కళ్ళు మాత్రం తెర అవతలున్న మంచం మీదే ఉన్నాయి. అక్కడ డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పడం లేదు. రుఫ్కీ కాఫీ దుకాణం నుంచి పరిగెత్తుకొచ్చి, ఆ తెర ముందే నిలబడి టోపీ నలుపుతున్నాడు.

సాయంత్రం ఎండ వాలుతుండగా తెర వెనక ఏదో కదిలింది. నాజిమె ఎముకల చెయ్యి ఒకటి లేచి, మాస్కుని పక్కకి లాగింది.

"ఆ కిటికీ ఎవరు తీశారు? నా వీపుకి గాలి తగులుతోంది."

రుఫ్కీ ఏడ్చేశాడు. నర్సు నవ్వింది. అందరూ ముజయ్యెన్‌వైపు చూశారు, లేచి వెళ్ళి మూస్తుందని. ఆమె లేచింది. మంచం దగ్గరికి వెళ్ళింది. మాస్కు తిరిగి అత్తగారి ముక్కు మీద పెట్టింది.

"మూయనత్తమ్మా," అంది.

కాపురానికి వచ్చాక ఆవిడకి చెప్పిన మొదటి 'కాదు' అది. నాజిమె కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో అనబోయింది. మాస్కులో ఆవిరి మాత్రం కమ్ముకుంది.

తర్వాత ఇల్యాస్ ఉస్తా వచ్చాడు. ఈసారి ముజయ్యెన్ వంటింట్లోకి పరిగెత్తలేదు. చిరిగిన లేసునీ బనీనునీ తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన వాటిని చూసి పనిముట్ల సంచి విప్పాడు. ఆయన సాక్సు బొటనవేలు దగ్గర చిల్లు పడి ఉంది. ఆమె దాన్ని చూడనట్టు టీ పెట్టింది. పాత బాయిలర్ దించేసి, తన గాలి తనే బయటినుంచి తెచ్చుకుని తన పొగ తనే బయటికి వదిలే మూసిన రకం బిగించాడు. గోడకి చిన్న డబ్బా ఒకటి తగిలించాడు. ఆ విషం పోగయితే అరుస్తుందట. అది అరుస్తుందేమోనని ముజయ్యెన్ కొన్నాళ్ళు దాని కింద ఒంగి నడిచింది. ఇప్పుడు రోజూ ముల్లు చూశాక ఆ డబ్బా మీట కూడా నొక్కి, బతికే ఉన్నావా అని పలకరిస్తుంది.

గోడ బిలం మాత్రం తెరిచే ఉంది. ఈ రకానికి అది అవసరం లేదని ఉస్తా చెప్పినా వినలేదు. వంటింట్లో గ్యాసు పొయ్యి ఉంది కదా, ఉండనీ, అంది. నాజిమె ఇంటికి వచ్చిన రోజునుంచీ ఆ బిలాన్ని చూసి మూలుగుతూనే ఉంది. అందుకని ముజయ్యెన్ పెళ్ళికూతురి ముసుగు విప్పి, ఆ దారానికి ఉన్ని జోడించి, అత్తగారి వీపుకి శాలువా అల్లింది. తులిప్ పూలు అలాగే వచ్చాయి. ఒక మూల గోధుమరంగు మరక ఎంత ఉతికినా పోలేదు.

నాజిమె దాన్ని కప్పుకుంది. ఆ మూల పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కోడలు పిల్లా, ఇది బాయిలర్ వాసనేస్తోంది."

"వెయ్యదత్తమ్మా," అంది ముజయ్యెన్. "అసలు వాసనేస్తే అంతదాకా వచ్చేదే కాదు."